మేష్టారి కబుర్లు: కాలేజీలో ఒక ఏడాది



పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి రాజాం దగ్గర ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి రాసింది. దస్తూరీ ముత్యాల్లా ఉంది. (మిగతావాళ్లు ఈ సంగతి కాస్త గమనించాలి సుమా!) "తాతగారూ, మా అన్నయ్య కాలేజీలో చేరాడు. అక్కడ బెత్తం ఉండదుట. క్లాసు లేనప్పుడు ఎవరిష్టం వచ్చిన చోట వాళ్లు కూచోవచ్చునట. మరి ఏడాది పొడుగునా వాళ్లేం చేస్తారు?" అని ఆ అమ్మాయి ప్రశ్న.

ఇది మంచి ప్రశ్నే. మీ అన్నయ్య ఏం చేస్తాడో నాకు తెలీదు గాని, నేను గడిపిన ఒక ఏడాది సంగతి చెబుతాను, వినండి.

నేను చదివింది విజయనగరంలో, కోట దాపున ఉన్న మహారాజా కళాశాలలో. అది 1857లో బడిగా మొదలై, 1879లో కాలేజీ అయింది. నేను బి. ఏ. ఆఖరి ఏడు చదివింది 1979-80లో. అంటే సరిగ్గా మా కాలేజీకి నూరేళ్లు నిండిన సంవత్సరమన్నమాట. ఇప్పటి పెద్ద పెద్ద కాలేజీలతో పోలిస్తే అది చిన్నదే. తెలుగు, ఇంగ్లీషు, చరిత్ర చెప్పేవారూ, భౌతికశాస్త్రం, రసాయనం చెప్పేవారూ అందరూ ఒక్క వరండాలోనే ఎదురుపడేవారు. నేను చదివేది చరిత్ర. అయినా ఫిజిక్సు మేష్టారికి నా పేరూ, మా ఊరూ, మా పొలంలో ఏం పండుతుందో కూడా తెలుసు. ఈ కథంతా ఆ ఒక్క వరండా మూలంగానే జరిగింది.

మా ఊరు చీపురుపల్లి వైపు. స్టేషనులో దిగి రెండు కోసులు నడవాలి. అప్పటిదాకా మాది శ్రీకాకుళం జిల్లా. 1979 జూన్ 1వ తేదీన విజయనగరం జిల్లా కొత్తగా ఏర్పడింది. మా ఊరు ఉన్నచోటి నుంచి అంగుళమైనా కదలకుండా జిల్లా మాత్రం మారింది! మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, నెలరోజులపాటు, "మనవిప్పుడు ఏ జిల్లావోళ్లం రా?" అని అడుగుతూనే ఉంది.

కాలేజీ తెరిచిన కొద్ది రోజులకే స్కైలాబు గొడవ వచ్చింది. మీ తాతగారిని అడగండి, గుర్తు తెచ్చుకుని నవ్వుతారు. స్కైలాబు అంటే 1973లో అమెరికావారు ఆకాశంలోకి పంపిన ప్రయోగశాల. ఇంచుమించు 77 టన్నుల బరువు. అది కిందికి జారిపోతోందనీ, ఎక్కడ పడేదీ ఎవరూ చెప్పలేరనీ పత్రికల్లో వచ్చింది. ఇంకేముంది! మా ఊళ్లో కొందరు, "ఎలాగూ పోతాం, ఈ మేకల్ని ఎవరికోసం ఉంచాలి?" అని కోసుకు తినేశారు. మా గదిలో ఉండే కుర్రవాడు మూటా ముల్లే సర్దుకుని ఇంటికి బయల్దేరాడు. ముగ్గురం ఒక గది అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం వండుకు తినేవాళ్లం. వాడు పోతే వంట ఎవరు చేస్తారని నా బెంగ. వాణ్ణి చెయ్యి పట్టుకుని ఫిజిక్సు మేష్టారి దగ్గరికి లాక్కుపోయాను.

ఆయన నవ్వలేదు. వరండాలో ఉన్న బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేశారు. "భూమి పైభాగం మొత్తం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో నూటికి డెబ్భై పాళ్లు నీరే. మీ ఊరు ఎంత ఉంటుంది? అయిదు చదరపు కిలోమీటర్లు అనుకుందాం. ఒక ముక్క మీ ఊళ్లో పడటానికి పది కోట్లలో ఒక పాలు అవకాశం. స్కైలాబు అయిదువందల ముక్కలయిందనుకో, రెండు లక్షల్లో ఒక పాలు. ఇప్పుడు చెప్పు, ఊరికి పోతావా, పాఠానికి వస్తావా?"

వాడు చాలాసేపు ఆ అంకెలకేసి చూసి, "మరి ఆ ఒక్క పాలూ మా ఊరే అయితేనో?" అన్నాడు.

"అప్పుడు మీ ఊరు ప్రపంచానికంతకూ తెలుస్తుంది," అన్నారు మేష్టారు.

జూలై 11వ తేదీ రాత్రి, మన గడియారం ప్రకారం పది దాటాక, స్కైలాబు గాలిలో చొరబడి ముక్కలయింది. ఆ ముక్కలు హిందూమహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. సూర్యుణ్ణి పరిశీలించడం స్కైలాబుకు అప్పగించిన పెద్ద పనుల్లో ఒకటి. ఆ సంవత్సరాల్లో సూర్యుడి మీద అలజడి హెచ్చింది. దానితో భూమి పైనున్న పలచని గాలి వేడెక్కి ఉబ్బింది. ఆ గాలి రాపిడికి స్కైలాబు వేగం తగ్గి, అనుకున్న దానికన్నా ముందే పడిపోయింది. చూడబోయిన సూర్యుడే దాన్ని కింద పడేశాడు!

ఆ ఏడు మాకు నిజంగా వచ్చిన ఆపద ఆకాశంలోంచి పడింది కాదు, ఆకాశంలోంచి పడనిది. వానలు లేవు. దేశమంతటా కరువు. మాది మెట్ట పొలం. గోగు, చోడి, కొద్దిగా వేరుశనగ. చోడి గిడసబారింది. గోగు ఏదో కాస్త ఎదిగింది గాని, కోసిన తరవాత దాన్ని మూడు వారాలు చెరువులో నానబెట్టాలి కదా, చెరువులో నీళ్లేవీ?

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం. మా నాన్న ఏటా వచ్చేవాడు. ఆ ఏడు రాలేదు. నేను కాలేజీ కుర్రవాళ్లతో కలిసి మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూశాను. సిరిమాను అంటే చింతమాను, నిడివి యాభై అరవై అడుగులుంటుంది. దాని చివరను పీట మీద పూజారి కూచుంటాడు. గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసురుతారు. అంత ఎత్తున మనిషి ఊగుతూ పోతుంటే ఎవరికైనా ఒళ్లు గగుర్పొడుస్తుంది. మర్నాడు వరండాలో ఫిజిక్సు మేష్టారు మమ్మల్ని ఆపి, "నిన్న దణ్ణం పెట్టారు, బాగానే ఉంది. మానుకేసి చూశారా?" అన్నారు. మాను లావు వైపు బండి మీద కిందుగా, సన్న వైపు పైకి ఉంటుంది. మధ్యలో ఇరుసు. అరవై కిలోల మనిషి ఇరుసుకు నలభై అడుగుల దూరాన కూచుంటే, ఇటువైపు పది అడుగుల దూరాన రెండువందల నలభై కిలోలుంటే గాని తూగదు. ఈ లెక్క రాని రోజుల్లోనే మన వడ్రంగులు ఆ మానును నిలిపారు. "వాళ్లు పుస్తకం చదవలేదు, చెట్టును చదివారు," అన్నారు మేష్టారు.

సాయంకాలాలు మాకు ఖర్చులేని వినోదం ఒకటుండేది: సంగీత కళాశాల అరుగు. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు; ద్వారం వెంకటస్వామినాయుడుగారు నిండా ఇరవయ్యారేళ్లు లేకుండానే వయొలిన్ ఆచార్యులు. ఘంటసాల అక్కడే చదువుకున్నాడు, ఇంటింటా మధుకరం ఎత్తుకు తిని. కిటికీ బయట కూచుంటే లోపల చిన్న పిల్లలు సరళీస్వరాలు చెప్పడం వినపడేది. నాకు రాగాలు తెలియవు. ఇప్పటికీ తెలియవు. అయినా ఆకలివేళ అక్కడ కూచుంటే బాగుండేది.

ఆకలి అని ఎందుకన్నానంటే, కార్తీకమాసం వచ్చేసరికి ఇంటి నుంచి బియ్యం రావడం మానేసింది. ఒకనాడు పొద్దున్న మా నాన్న కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మూట కట్టుకో బాబూ. పరీక్ష ఫీజు నావల్ల కాదు. వచ్చే ఏటికి చూద్దాం," అన్నాడు. వచ్చే ఏడు అన్నది రాదని ఇద్దరికీ తెలుసు.

మా తెలుగు మేష్టారు అటుగా వచ్చారు. నా మొహం చూసి సంగతి గ్రహించారు కాబోలు. ఆయన మా నాన్నకు చదువు గొప్పతనం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వరండాలోకి తీసుకువెళ్లి, కుర్చీ చూపించి, "కూచోండి. గోగు నానబెట్టేటప్పుడు కట్ట మీద బరువెందుకు పెడతారు? ఎన్నాళ్లుగానో ఎవరినైనా అడుగుదామనుకుంటున్నాను," అన్నారు.

మా నాన్న ఎన్నడూ ఒక అధికారి ఎదుట కుర్చీలో కూచుని ఎరగడు. మొదట అంచున కూచున్నాడు. కట్ట తేలితే పైనున్న కాడ నానదనీ, ఎక్కువ నానితే నార కుళ్లుతుందనీ, ఏ రోజున తియ్యాలో కాడ విరిచి వేళ్లతో లాగి చూస్తే తెలుస్తుందనీ చెప్పాడు. ఇంతలో వృక్షశాస్త్రం మేష్టారు వచ్చి, "నారను పుల్లకు అంటించి ఉంచే జిగురు ఒకటుంది. నీళ్లలో కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. మీరు వేళ్లతో చూసేది అదే," అన్నారు. మా నాన్న ఆలోచించి, "అందుకేనా బాబూ, పాత నీట్లో తొందరగా నానీది!" అన్నాడు. ఆ మాటకు వృక్షశాస్త్రం మేష్టారు జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నారు. గంటసేపు గడిచింది. లేచేటప్పటికి మా నాన్న కుర్చీలో బాగా వెనక్కి ఆనుకుని ఉన్నాడు.

మూట సంగతి మళ్లీ ఎత్తలేదు. "ఉండు. ఏదో ఒకటి సేస్తాను," అని వెళ్లిపోయాడు. సంక్రాంతికి ఇంటికి వెళితే పశువులశాలలో పెయ్యదూడ లేదు. అది మా మామ్మ చేతి మీద పెరిగిన దూడ. మామ్మ నాతో మాట్లాడలేదు.

తెలుగు మేష్టారు మాత్రం ఊరుకోలేదు. శలవులయ్యాక వచ్చి, తిండికి నన్ను రాత్రిపూట వాళ్లింటికి రమ్మన్నారు. నేను సిగ్గుపడితే, "ఇది మన కాలేజీకి పాత అలవాటే," అని ఒక సంగతి చెప్పారు. గురజాడ అప్పారావుగారికి చిన్నతనంలోనే తండ్రి పోయారు. అప్పుడు ఈ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న చంద్రశేఖరశాస్త్రిగారు ఆ కుర్రవాణ్ణి తన ఇంట పెట్టుకుని, అన్నం పెట్టి చదివించారు. ఆ కుర్రవాడు 1882లో మెట్రిక్యులేషను, 1886లో బి. ఏ. పాసయి, మరుసటేడు ఇక్కడే ఉపన్యాసకుడయ్యాడు. మన శ్రీకాకుళం సీమలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు విజయనగరం బడిలో ఆయనకు తోటి విద్యార్థి. ఒకే ఊరి బడిలో చదివిన ఆ ఇద్దరూ, తరవాత మనం మాట్లాడే తెలుగునే రాయవచ్చునని లోకాన్ని ఒప్పించారు. శాస్త్రిగారి ఇంట్లో ఆ పూట అన్నం ఉడక్కపోతే, ఈ పత్రిక మీకు ఇంత తేలిగ్గా చదవడానికి వీలయ్యేదో కాదో! ఇది నా మాట, మేష్టారు అనలేదు.

ఫిబ్రవరి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, సూర్యగ్రహణం. సంపూర్ణ గ్రహణం నీడ మన రాష్ట్రం మీదుగా పోతుందనీ, హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రజ్ఞులు వస్తున్నారనీ, మనవైపు కూడా సూర్యుడు దాదాపుగా మూసుకుపోతాడనీ ఫిజిక్సు మేష్టారు చెప్పారు. సూర్యుడు చంద్రుడికన్నా నాలుగువందల రెట్లు పెద్ద. కాని నాలుగువందల రెట్లు దూరం. అందుకే మన కంటికి ఇద్దరూ ఒకే బిళ్లంత కనబడతారు, చంద్రుడు సూర్యుణ్ణి సరిగ్గా కప్పగలుగుతాడు. ఆయన మమ్మల్ని చెట్టు కిందికి తీసుకుపోయి నేల మీద పడిన వెలుగు మచ్చలు చూపించారు. "ఆకుల సందులు గుండ్రంగా లేవు. మచ్చలు గుండ్రంగా ఎందుకున్నాయి?" మేం తెల్లమొహాలు వేశాం. "ఎందుకంటే అవి సందుల బొమ్మలు కావు, సూర్యుడి బొమ్మలు. గ్రహణం నాడు మీ ఊళ్లకు వెళ్లి వీటిని చూడండి. సూర్యుడికేసి మాత్రం చూడకండి!"

ఆ శుక్రవారం పాసింజరెక్కి ఇంటికి వెళ్లాను. మా అప్ప పురిటికి వచ్చి ఉంది, ఏడో నెల. శనివారం మధ్యాహ్నం కాగానే మామ్మ అప్పను పడమటింట్లో కూచోబెట్టి, తలుపులు బిగించి, తానూ గడప దగ్గర కూచుంది. కదలకూడదు, గోరు గిల్లకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. కడుపులో పిల్లకు గ్రహణం మొర్రి వస్తుందని భయం. అది నిజం కాదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. నా చదువుకోసం దూడను పోగొట్టుకున్న మనిషితో, నీకు తెలిసింది తప్పు అని ఎలా అనను? నేనూ ఆ చీకటి గదిలోనే ఓ మూల కూచున్నాను.

ఆ గదికి తాటాకు కప్పు. పడమటి వాలులో అక్కడక్కడా చిరుగులు. మధ్యాహ్నం దాటాక వాటిలోంచి ఎండ దిగి, తూర్పు గోడ మీద రూపాయి బిళ్లలంత మచ్చలు పడేవి. పొద్దు వాలేకొద్దీ ఆ మచ్చలు గోడ పైకి పాకేవి. మామ్మకు గడియారం అదే. మచ్చ ఉట్టిచేరు దాకా వస్తే ఆవును పితికే వేళ.

మూడు దాటింది. ఉన్నట్టుండి మామ్మ, "ఒరే, అవేట్రా?" అంది.

గోడ మీది మచ్చలన్నిటికీ ఒక పక్క కొరికినట్టుంది. పది పన్నెండు మచ్చలు, అన్నీ ఒకే పక్క, ఒకే తీరుగా. చూస్తూండగా సన్నబడి, నెలవంకలయ్యాయి.

"మామ్మా, ఆ చిరుగులు గుండ్రంగా ఉంటాయా?"

"తాటాకు సిరుగు గుండ్రంగా ఎందుకుంటాదిరా?"

"మరి రోజూ మచ్చలు గుండ్రంగా ఎందుకు పడతాయి?"

మామ్మ మాట్లాడలేదు. అరవై ఏళ్లుగా ఆవిడ చూస్తున్న మచ్చలవి. కాసేపటికి, "అయితే రోజూ ఈ గోడ మీద పడీది సూరీడేనేటి?" అంది. నేను చెప్పకుండానే ఆవిడే అంది. అర చెయ్యి చాపి ఒక నెలవంకను చేతిలో పట్టుకుని చూసుకుంది. నీడ మీద పడకూడదని తలుపులు మూసిన మనిషి, గ్రహణం పట్టిన సూర్యుణ్ణి అరచేతిలో పెట్టుకుని కూచుంది!

బయట సందెచీకటి అయింది. కోళ్లు గూట్లోకి దూరాయి. మచ్చలు గోరుతుంపుల్లా సన్నబడ్డాయి. అప్ప, "మామ్మా, గొంతుక ఎండిపోతోంది," అంది. మామ్మ నాకేసి చూసింది. నేను, "తాగితే ఏమీ కాదు," అన్నాను. ఆ రోజు నేను చేసిన ఉపన్యాసమంతా అదే. మామ్మ లేచి చెంబులో నీళ్లు ముంచి, అందులో ఒక తులసాకు వేసి, అప్పకిచ్చింది.

(పెద్దలకు ఒక మాట. గ్రహణం వల్ల కడుపులో బిడ్డకు ఏ హానీ లేదు. ఎండపూట గర్భిణిని నీళ్లు లేకుండా ఉంచితేనే హాని. తులసాకు వేసి ఇచ్చినా సరే, ఇవ్వండి.)

గ్రహణం విడిచాక మామ్మ మామూలుగానే అందరిచేతా తలలంటు పోయించింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, సంక్రాంతి తరవాత మొదటిసారి నన్ను అడిగింది: "పెయ్యని ఎంతకమ్మినాడ్రా మీ అయ్య?"

చెప్పాను.

"తక్కువకే ఇచ్చేసినాడు," అంది మామ్మ. నా కంచంలో ఇంకో గరిటె అన్నం పడింది.

నేను పరీక్షలు రాసి ఇంటికొచ్చేసరికి అప్పకు ఆడపిల్ల పుట్టింది. పెదవులు శుభ్రంగా ఉన్నాయి. మామ్మ ముందు చూసింది వాటినే. ఆ పిల్లకిప్పుడు నలభై అయిదేళ్లు దాటాయి.

రాజాం అమ్మాయీ, కాలేజీలో ఏడాది పొడుగునా ఏం చేస్తారంటే, నేను చేసింది ఇదీ. ఇంత చెప్పాక నువ్వు నాకొక పని చేసిపెట్టాలి. ఒక అట్టముక్కకు మూడు మూలలుగా చిన్న చిల్లు పెట్టు. ఎండలో గోడకు దగ్గరగా పట్టుకుంటే మూడు మూలల మచ్చే పడుతుంది. వెనక్కి జరుగుతూ పో. పోనుపోను మచ్చ గుండ్రమవుతుంది. అప్పుడు మచ్చ వెడల్పూ, అట్టకూ గోడకూ మధ్య దూరమూ కొలిచి, దూరాన్ని వెడల్పుతో భాగించు. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. ఆ 15 కోట్లను నీకొచ్చిన అంకెతో భాగిస్తే సూర్యుడి వెడల్పు వస్తుంది. నాకు 14 లక్షల దరిదాపుల్లో వచ్చింది. నీకెంత వచ్చిందో కార్డు రాయి. సూర్యుడికేసి మాత్రం చూడకు. మసిపట్టిన గాజుముక్కా, ఎక్స్‌రే ఫిల్మూ కూడా పనికిరావు. మా రోజుల్లో వాటితో చూసినవాళ్లున్నారు, అది తప్పు.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణగ్రహణం పోతుంది. మనకు పాక్షికంగా కనబడుతుంది. అప్పటికి నువ్వు కాలేజీలో ఉంటావు. ఆ అట్టముక్క పారేయకు.